అడిగి తీయాలా, అడగకుండా తీయాలా? వీధిలో అపరిచితుల ఫొటోలకు ఏది మేలు?

పేవ్‌మెంట్ మీద గొడుగులు బాగుచేసే పెద్దాయన ఒకరు కనిపించారు. సూదిని పళ్ల మధ్య కరిచిపట్టుకుని, ఒక కన్ను మూసి, వంగిపోయిన గొడుగు ఊచను రెండు వేళ్లతో సరిచేస్తున్నారు. అడగకుండా ఒక ఫొటో తీశాను. షట్టర్ చప్పుడుకి తలెత్తారు. ‘ఇంకోటి తీసుకోవచ్చాండీ?’ అని అడిగాను. ఆయన సూదిని చొక్కాకి గుచ్చారు, పై గుండీ పెట్టుకున్నారు, గొడుగు పక్కకు నెట్టేశారు. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, గుర్తింపు కార్డు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయారు. అదీ తీశాను. రెండూ స్క్రీన్ మీద చూపించాను. నాకు మొదటిది నచ్చింది, ఆయనకు రెండోది. ‘దీంట్లోనే కాస్త మనిషిలా ఉన్నాను’ అన్నారు.

వీధిలో ఫొటోలు తీసేవాళ్ల మధ్య ఎప్పుడూ నలిగే తగవు ఇదే. అడిగితే మొహం కొయ్యబారిపోతుంది. అడగకపోతే అది మనది కాని మొహం.

అడగకుండా తీసేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మొహం మీదకి వచ్చేవి కొన్ని ఉంటాయి: బస్సు కోసం ఎదురుచూసే విసుగు, ఫోన్ పెట్టేశాక ఇంకా చెరగని నవ్వు, లెక్క కుదరక ముడిపడిన కనుబొమలు. అడిగితే ఇవేవీ దొరకవు. అందుకే పెద్దపెద్ద ఫొటోగ్రాఫర్లు కూడా దొంగదారులు తొక్కారు. పాల్ స్ట్రాండ్ 1916లో న్యూయార్క్ వీధుల్లో ఫొటోలు తీస్తూ కెమెరా పక్కన ఒక ఉత్తుత్తి లెన్స్ బిగించుకున్నారు. ఎదుటివాళ్లు ఆయన మరోవైపు తీస్తున్నారనుకునేవాళ్లు. వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 దాకా అదే ఊళ్లో సబ్‌వే రైళ్లలో కోటు కింద కెమెరా దాచి, గుండీల సందులోంచి లెన్స్ తొంగిచూసేలా పెట్టి, షట్టర్ నొక్కే తీగను చొక్కా చేతిలోంచి లాగి, ఎదుటి సీట్లోవాళ్లను తీశారు. ఆ మొహాలు చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, అంత నిజం. అయితే వాటిని పుస్తకంగా బయటపెట్టింది 1966లో. అంటే పాతికేళ్లు ఆగారు. ఈ రోజుల్లో పాతిక నిమిషాలు ఆగేవాళ్లే లేరు, సాయంత్రానికల్లా ఆన్‌లైన్‌లో ఉంటుంది. నా మటుకు నాకు దాచిన కెమెరా వద్దు. కోటు కింద కెమెరా పెట్టుకు తిరిగేవాణ్ని ఇప్పుడు ఎవరూ కళాకారుడనరు, పోలీసుల్ని పిలుస్తారు.

దాచకుండా, అడగకుండా తీయడం వేరే సంగతి. అక్కడ తేల్చుకోవాల్సింది ఒకటే: ఎంత దూరం నుంచి?

మొదట్లో భయంతో అందరం చేసే పని, జూమ్ లెన్స్ తగిలించుకుని వీధి అవతల నిలబడటం. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో (అంటే పాత ఫిల్ము కెమెరా ఫ్రేమంత సెన్సర్ ఉన్నదాంట్లో) 200 ఎంఎం లెన్స్ (ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి) పెట్టి, కెమెరా నిలువుగా పట్టుకుని, ఒక మనిషిని నడుం దాకా తీయాలంటే సుమారు అయిదున్నర మీటర్ల దూరంలో ఉండాలి. 85 ఎంఎంతో అయితే రెండున్నర మీటర్లలోపు. 35 ఎంఎంతో అయితే మీటరు. ఈ అంకెల్లోనే సగం జవాబు ఉంది. అయిదున్నర మీటర్ల నుంచి తీస్తే వెనకదంతా మసకబారి, మొహం ఒక్కటే గాల్లో తేలుతున్నట్టు వస్తుంది. వీధిలో తీశామన్న మాటే గానీ ఆ ఫొటోలో వీధి ఉండదు. పైగా ఆ మనిషి చూసేశారనుకోండి, అంత దూరం నుంచి నవ్వినా వాళ్లకు అందదు. మనం మాటు వేసినట్టే ఉంటుంది, వేసినమాటా నిజమే. మీటరు దూరంలో ఉంటే మనం ఉన్నామని వాళ్లకు ముందే తెలుసు. నచ్చకపోతే మొహం తిప్పుకుంటారు, లేదా ‘ఏంటి?’ అని అడుగుతారు. ఆ అవకాశం వాళ్లకు ఉండటమే న్యాయం.

దగ్గరగా తీయడానికి ఫోకస్ టెన్షన్ ఒక్కటే అడ్డం. దానికి పాత ఉపాయం ఉంది. 35 ఎంఎం లెన్స్‌ని ఎఫ్8 దగ్గర పెట్టి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదై, స్పష్టంగా వచ్చే లోతు పెరుగుతుంది), ఫోకస్ రెండున్నర మీటర్లకు కట్టేస్తే, సుమారు 1.7 మీటర్ల నుంచి దాదాపు 5 మీటర్ల దాకా అన్నీ స్పష్టంగానే వస్తాయి. ఆ మధ్యలో ఉన్నంతవరకు మొహం మీద ఫోకస్ కుదిరిందో లేదో చూసుకునే పని లేదు. షట్టర్ వేగం సెకనులో 500వ వంతు పెట్టుకుంటే నడిచేవాళ్లు కూడా బ్లర్ కారు. అదే 85 ఎంఎం ఎఫ్2లో నడుం దాకా తీస్తే స్పష్టంగా వచ్చే లోతు పది సెంటీమీటర్లు దాటదు, మనిషి ఒక్క అడుగు వేస్తే చెడింది. ఒక హెచ్చరిక: ఒట్టి మొహమే కావాలని 35 ఎంఎంతో ఇంకా ఇంకా దగ్గరికి జరిగితే ముక్కు బూరెలా వస్తుంది. తప్పు లెన్స్‌ది కాదు, దూరానిది. మొహమే కావాలనుకుంటే 50 గానీ 85 గానీ పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేయడం మంచిది. అలా మొహం నిండుగా తీసేటప్పుడు అడగడమే మేలని నా లెక్క.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఎవరికీ అనుమానం రాదు, అదే దాని బలం. దాని లోటూ అదే, ఎవరికీ తెలియకుండా తీయడం మరీ సులువు.

ఇక అడిగి తీయడం. దీని మీద ఉన్న పెద్ద ఫిర్యాదు పోజు. నిజమే, అడగ్గానే వచ్చే మొదటి ఫొటో ఎప్పుడూ బిగదీసుకునే ఉంటుంది. అయితే చాలామంది అక్కడే ‘థాంక్యూ’ చెప్పి వెళ్లిపోతారు, పొరపాటు అదీ. ఆ మొదటి ఫొటో వాళ్లది. వాళ్లకు నచ్చేట్టు తీసి, చూపించి, ఆ తర్వాత కదలకుండా ఉండాలి. ఏ మనిషీ అర నిమిషం కంటే ఎక్కువసేపు పోజు నిలబెట్టలేరు. భుజాలు జారతాయి, చూపు పక్కకి పోతుంది, చేయి మళ్లీ పని వెతుక్కుంటుంది. కెమెరా ఉందని తెలిసి కూడా దాన్ని పక్కన పెట్టేసిన మొహం అప్పుడు వస్తుంది. నేను వెతికేది ఆ మొహమే. దొంగచాటుగా తీసినదానికంటే అందులో ఒకటి ఎక్కువుంటుంది, ఎదుట ఒక మనిషి ఉన్నాడన్న ఎరుక.

అడిగే తీరు కూడా ముఖ్యమే. ‘ఫొటో తీసుకోనా?’ అంటే ‘నాదా? ఎందుకు?’ అనే ఎదురు ప్రశ్న వస్తుంది. ఏం చూసి ఆగామో అది చెబితే చాలు: ‘ఆ ఊచ వంచే తీరు చూసి ఆగానండీ’. వద్దంటే వద్దే, బతిమాలకూడదు.

అడిగినంత మాత్రాన అన్నీ సరిపోయినట్టు కాదు. ఫొటోగ్రాఫర్ డోరతియా లాంజ్ 1936లో కాలిఫోర్నియాలోని ఒక వలస కూలీల శిబిరంలో పిల్లలతో ఉన్న తల్లిని తీసిన ఫొటో లోకమంతటికీ తెలుసు. లాంజ్ ఆ తల్లి దగ్గరికి వెళ్లి, మాట్లాడి, కళ్లెదుటే తీశారు. పేరు మాత్రం అడగలేదు. నలభై ఏళ్లు దాటాక ఒక పత్రికా విలేకరి ఆ తల్లిని కనుక్కుంటే, ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని, దాని వల్ల తనకు దక్కిందేమీ లేదని చెప్పుకున్నారు. తీయనిచ్చిన చోట ఇంకో రెండు మాటలు కలిపి, ఫొటో ఎక్కడ పెడతామో చెప్పి, పంపడానికి నంబరు తీసుకుంటే పోయేదేముంది?

మధ్యేమార్గం ఒకటుంది: ముందు తీసి, వెంటనే వెళ్లి చూపించి, వద్దంటే అక్కడే వాళ్ల కళ్లముందే చెరిపేయడం. కాస్త గోడ మీద పిల్లి వాటమే అయినా నేను ఎక్కువగా చేసేది ఇదే. చెరిపేసినప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. ఒకసారి మంచి వెలుగులో దొరికిన ఫొటోని అలా చెరిపి, ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

చట్టం సంగతి చూద్దామంటే అదీ ఒక్క మాట మీద లేదు. కెనడాలోని మాంట్రియల్‌లో మెట్ల మీద కూర్చున్న పదిహేడేళ్ల అమ్మాయి ఫొటోని ఆమెకు చెప్పకుండా పత్రికలో వేస్తే, ఆ దేశ సుప్రీంకోర్టు 1998లో ఆమె పక్షాన నిలిచి 2,000 డాలర్ల పరిహారాన్ని ఖాయం చేసింది. న్యూయార్క్‌లో మాత్రం ఫొటోగ్రాఫర్ ఫిలిప్-లోర్కా డికోర్సియా దూరం నుంచి, పైన ఫ్లాష్ లైట్లు కట్టి తీసిన బాటసారుల్లో ఒకరు కేసు వేస్తే, అది కళ అంటూ 2006లో కోర్టు కొట్టేసింది. జర్మనీలో 1907 నాటి చట్టం ఇప్పటికీ ఉంది: కొన్ని మినహాయింపులు పోగా, మనిషి బొమ్మను పదిమందిలో పెట్టాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. ఆ దేశపు మొదటి ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు గదిలోకి దొంగతనంగా దూరి శవాన్ని ఫొటో తీసిన గొడవ తర్వాత పుట్టిన చట్టం అది. అంచేత ఎక్కడ తీస్తున్నామో అక్కడి నియమం ముందే తెలుసుకోవాలి. తీయడం ఒకటి, ప్రచురించడం ఇంకొకటి.

నా వరకు లెక్క ఇది. జనం, వెలుగు, గోడ, అన్నీ కలిసిన దృశ్యంలో ఒక మనిషి ఉంటే అడగను, 35 ఎంఎంతో దగ్గరగా, కనబడేట్టు నిలబడి తీస్తాను. ఒక్క మొహమే ఫొటో అయితే అడుగుతాను, లేదా తీసి చూపిస్తాను. పిల్లలైతే పెద్దవాళ్లను అడగకుండా కెమెరా ఎత్తను. ఏడుస్తున్నవాళ్లనీ, పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్నవాళ్లనీ అసలు తీయను. 200 ఎంఎం లెన్స్ ఇప్పుడు పక్షులకే.

గొడుగుల పెద్దాయన దగ్గర ఆ రోజు నేను వెంటనే లేవలేదు. పక్కనే చతికిలబడ్డాను. కాసేపటికి ఆయన గుండీ విప్పుకుని మళ్లీ పనిలో పడ్డారు. సూది పళ్ల మధ్యకి చేరింది. ఇప్పటి ఊచలు ఎంత నాసిగా వస్తున్నాయో ఆ సూది కరిచిపట్టుకునే తిట్టడం మొదలుపెట్టారు, సగం మాటలు అర్థం కాలేదు. అలా తిడుతూ తిడుతూ నావైపు తిరిగినప్పుడు మూడోది తీశాను. చూపించాను. దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశారు.

‘సూది తీయమని ఓ మాట చెప్పొచ్చుగా’ అని విసుక్కున్నారు. చెరిపేయమని మాత్రం అనలేదు.