బత్తాయి లోడుకు పాత డీజిల్ బండా, బీఎస్-6 పికప్పా?

నల్లగొండ తోటల్లో తిరగడానికైతే పాత మెకానికల్ పంపు బండే సుఖం. డీజిల్ అయిపోయి గాలి పట్టిందా, ఫిల్టర్ మీద గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు ఆగాక బిగిస్తే బండి అందుకుంటది. బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనలకు తగ్గ) బండ్లలో, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు దాన్ని అందించే గొట్టం (కామన్ రైలు)లో ప్రెషర్ 1000 బార్లు దాటుతుంది. ఇంజన్ నడుస్తుంటే ఆ పైపుల జోలికి పోవద్దు. డీజిల్‌లో నీళ్లు కలిస్తే ఇంజెక్టర్లు గోవిందా, అందుకే ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదులుతుండాలి.

ఈ కొత్త బండ్లలో అసలు తలనొప్పి డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిప్పితే అది వేడెక్కదు, మసి కాలదు, డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. అప్పుడు నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబర్ హైవే ఎక్కి ఇరవై నిమిషాలు ఆపకుండా తోలాలి. వద్దన్నా ఈ తిప్పలు తప్పవు!

రోజూ హైదరాబాద్ లోడు కొట్టేవాళ్లకు మాత్రం కొత్తదే. పవర్ స్టీరింగ్ లేని పాత బండి లోడు మీద తిప్పితే భుజాలు పడిపోతాయి.