ఫేజ్ తిప్పే ప్రీయాంప్లిఫయరా, తిప్పనిదా?

"అవుట్‌పుట్ ఫేజ్ 180 డిగ్రీలు తిరుగుతుంది" (అంటే సిగ్నల్ తలకిందులవుతుంది) అన్న వాక్యం కొన్ని ప్రీయాంప్‌ల (స్పీకర్లను నడిపే యాంప్‌కి ముందుండే పెట్టె) మాన్యువల్‌లో ఏదో మూలన ఉంటుంది. చాలామంది కొన్నాకే చూస్తారు, అప్పుడు కంగారు మొదలు.

తిప్పేది: తరచూ ఒకే ట్రయోడ్ (ఒక రకం వాక్యూమ్ ట్యూబ్) దశ. గ్రిడ్ (సిగ్నల్ లోపలికొచ్చే చోటు) మీద వోల్టేజ్ పెరిగితే ప్లేట్ (బయటికెళ్లే చోటు) దగ్గర తగ్గుతుంది, సిగ్నల్ తలకిందులవుతుంది. భాగాలు తక్కువ.
తిప్పనిది: అదే ట్యూబులతో అయితే తిరిగినదాన్ని మళ్లీ తిప్పడానికి ఇంకో దశ కావాలి. ఖర్చూ పెరుగుతుంది.

శ్రమ: తిప్పనిదానికి ఏమీ లేదు. తిప్పేదైతే రెండు స్పీకర్ల దగ్గరా ఎరుపు, నలుపు వైర్లు అటూ ఇటూ మార్చాలి.

అసలు రిస్క్ అక్కడే. ఒక్క స్పీకర్‌కే మార్చి మరిచిపోతే బాస్ పలచబడుతుంది, మధ్యలో నిలబడాల్సిన గాయకుడి గొంతు గదంతా చెదిరిపోతుంది. ప్రీయాంప్ నుంచి నేరుగా సబ్‌వూఫర్‌కి లైన్ వెళ్తుంటే దాని ఫేజ్ స్విచ్ కూడా తిప్పాలి.

వినడానికి? వైర్లు మార్చకపోతే, కిక్ డ్రమ్ దెబ్బకి ముందుకు రావాల్సిన స్పీకర్ కోన్ వెనక్కి పోతుంది. డ్రమ్, ట్రంపెట్‌లలో తేడా పట్టేవాళ్లున్నారు. కానీ ఒక్కో వాయిద్యానికి ఒక్కో మైకు పెట్టిన రికార్డింగులో ఫేజ్ అంతా ఒకే దిక్కున ఉందని నమ్మకమేంటి? నా మటుకు నాకు గిటార్ మీద తేడా ఎప్పుడూ దొరకలేదు.

ఒకే జత స్పీకర్లు, సెట్టింగ్ కదపని మనిషి అయితే తిప్పేది తీసుకోండి. సబ్‌వూఫర్ ఉన్నా, స్పీకర్లు తరచూ మారుస్తున్నా తిప్పనిదే నయం. డాక్ (DAC, డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె)లో ఫేజ్ తిప్పే పోలారిటీ బటన్ ఉంటే దాన్నుంచి వచ్చే పాటలకి వైర్ల గొడవే లేదు.