పక్క చక్రాల స్కూటర్, రెండు చక్రాల బైకు: రెండూ నడిపిన అనుభవం

పడిపోని బండి అంటే ప్రమాదం లేని బండి అని చాలామంది అనుకుంటారు. చాలాకాలం 150 సీసీ బైకు నడిపి, ఇప్పుడు కొన్నేళ్లుగా విజయనగరంలో పక్క చక్రాలు బిగించిన 110 సీసీ స్కూటర్ నడుపుతున్న నాకు ఆ మాటలో సగమే నిజమనిపిస్తుంది. ఎడమ మోకాలు బండి బరువును ఆపలేని స్థితికి రావడంతో నాకీ మార్పు తప్పలేదు. వెనుక చక్రానికి చెరో పక్కన ఒక చిన్న చక్రం ఉండే ఈ బండిని చూసి మా బావమరిది "ఇదేటి బావా, ఆటోకి తమ్ముడా?" అన్నాడు.

ముందుగా మంచి సంగతులు. సాయంత్రం వేళ గంటస్తంభం దగ్గర గాని, సిరిమానోత్సవం రోజుల్లో గాని, నడక కంటే నెమ్మదిగా కదిలే రద్దీలో దీనికి సాటి లేదు. కాలు కింద పెట్టనవసరం లేదు, ఎంతసేపు ఆగినా తూలదు, వెనుక ఒక పక్కకు కూర్చున్న మా ఆవిడ సర్దుకున్నా హ్యాండిల్‌కు తెలియదు. మొక్కజొన్న కోతల కాలంలో చీపురుపల్లి వైపు రోడ్డు మీద సగం మేర గింజలే ఆరబోసి ఉంటాయి. వాటి మీద గట్టిగా బ్రేకు వేస్తే బైకు ముందు చక్రం చటుక్కున జారి, మనిషి నేల మీద ఉంటాడు. ఈ స్కూటరూ జారుతుంది గాని నిటారుగానే జారుతుంది. నా వరకు ఈ ఒక్క గుణానికే పెట్టిన డబ్బు గిట్టింది.

అసలు చిక్కంతా మలుపులో ఉంది. బైకు మలుపు లోపలికి వాలుతుంది కాబట్టి మన బరువూ, బయటికి తోసే బలమూ కలిసి చక్రాల మీదుగానే నేలకు దిగుతాయి. పక్క చక్రాల బండి వాలలేదు. ఆ తోపంతా మన నడుం మీద, బయటి వైపు చక్రం మీద పడి, వేగం ఎక్కువైతే లోపలి వైపు చక్రం నేలను వదిలేస్తుంది. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం గనుక, ఎడమ మలుపులో బయటి వైపు అంటే ఎదురుగా లారీ వచ్చే వైపే. ఇలాంటి బండికి హెల్మెట్ ఎందుకనే వారు ఈ సంగతి ఆలోచించాలి.

దీనికి తోడు చేతుల పాత అలవాటు అడ్డం వస్తుంది. వేగంగా పోతున్న బైకును ఎడమకు తిప్పడానికి ఎడమ పిడిని కాస్త ముందుకు నెడతాం. అలా నెడుతున్నట్టు చాలామందికి తెలియను కూడా తెలియదు. ఇక్కడ అదే పని చేస్తే బండి కుడికి పోతుంది. బైకుకు అలవాటుపడిన వారు అయోధ్యా మైదానం లాంటి ఖాళీ చోట చేతులకు కొత్త పాఠం నేర్పిన తరువాతే రోడ్డెక్కాలి. బైకు ఎరగని కొత్తవారే దీన్ని త్వరగా పట్టుకోవడం చూశాను.

గుంతల విషయంలోనూ బైకుదే పైచేయి. బైకుకు ఒకటే జాడ, దీనికి మూడు. ముందు చక్రాన్ని తప్పించామన్న సంతోషం తీరకముందే పక్క చక్రం గుంతలో దిగుతుంది. రోడ్డు అంచు వైపు వాలుగా ఉన్నచోట హ్యాండిల్ ఎడమకు లాగుతూనే ఉంటుంది, శ్రీకాకుళం చేరేసరికి భుజాలు బరువెక్కుతాయి.

కొనేవారు తప్పక చూడవలసింది పక్క చక్రాల స్ప్రింగు బిగువు. అది మరీ బిగువైతే బరువంతా పక్క చక్రాలే మోస్తాయి. నడిమి చక్రం కింద చిన్న పల్లం వచ్చినా అది గాలిలో ఉత్తినే తిరుగుతుంది. ఇంజను తిప్పేదీ, వెనుక బ్రేకు పట్టేదీ ఆ చక్రాన్నే కాబట్టి ఆ క్షణంలో బండికి లాగుడూ ఉండదు, వెనుక బ్రేకూ ఉండదు. అందుకే దుకాణం దగ్గరే సిమెంటు రోడ్డు గాటు మీద బండిని నిలిపి, ఇంజను ఆపి, మీరు కూర్చుని ఉండగా మెకానిక్‌ను వెనుక టైరు చేత్తో తిప్పమనండి. సులువుగా తిరిగితే స్ప్రింగు సడలించవలసిందే.

ఎస్.కోట దాటి బొడ్డవర నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే బైకు మలుపు మలుపుకూ వాలుతూ, లేస్తూ పోతుంది. ఆ సుఖం ఈ స్కూటర్‌లో లేదు. పియాజియో 2006లో తెచ్చిన ఎంపీ3కీ, యమహా 2018లో అమ్మకానికి తెచ్చిన నైకెన్‌కూ ముందు రెండు చక్రాలున్నా అవి బైకులాగే వాలుతాయి కాబట్టి మన పక్క చక్రాల బండిని వాటితో పోల్చకూడదు. దీని సుఖం వేరు. పొద్దున్నే నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వైపు 35 వేగంతో, కాలి ధ్యాస లేకుండా చెరువులూ తాటిచెట్లూ చూస్తూ పోవడం నాకు బైకు మీద ఎన్నడూ దొరకలేదు. 40 దాటితే మాత్రం ఆ హాయి కాస్తా ఆవిరవుతుంది.

రెండు కాళ్లూ బలంగా ఉన్నవారు జారే భయంతో పక్క చక్రాల వైపు చూడనవసరం లేదు. 125 సీసీ దాటిన బైకులన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది, ఆ భయాన్ని అది చాలావరకు తగ్గిస్తుంది. కాలు సహకరించని వారు నిస్సంకోచంగా బిగించుకోవచ్చు, అయితే మార్పును రవాణా శాఖకు తెలిపి ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థకు అదే సాకు దొరుకుతుంది. దుకాణంవారు బిల్లు ఇవ్వడం కుదరదంటే మరో దుకాణం చూసుకోండి.