డాబా మీది గోల్ఫ్ నెట్: డ్రైవర్‌కి సరే, చిప్‌కి కాదు

గోల్కొండ కోట పక్కన గోల్ఫ్ కోర్సుకో, విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కో అప్పుడప్పుడూ వెళ్లి ఆడే విజయవాడ వాళ్లలో చాలామందికి మిగతా రోజుల్లో డాబా మీది నెట్టే దిక్కు. ఆన్‌లైన్‌లో దొరికే 3 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల వెడల్పు నెట్, దాంతోపాటే మ్యాట్ వచ్చే సెట్ గురించి ఇది. నెట్‌కి వంక పెట్టక్కర్లేదు. తేడా అంతా మ్యాట్‌తోనే.

మామూలు ఆటగాడు డ్రైవర్‌తో (దూరం కొట్టడానికి వాడే పొడుగు గోల్ఫ్ కర్ర) కొట్టినా బంతి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటగలదు. అందుకే నెట్ బిగించి కట్టకూడదు, బంతి తిరిగి మీదికే వస్తుంది. వదులుగా వేలాడనిచ్చి, ఒక అడుగు వెనక పాత బొంత కట్టండి. గచ్చులో మేకులు దిగవు కాబట్టి స్టాండు కాళ్ల మీద ఇసుక బస్తాలు వేయాలి. బంతి నెట్‌కి 2.5 నుంచి 3 మీటర్ల దూరంలో ఉండాలి. పక్క నెట్‌లు విడిగా కొనాల్సిందే. షాంక్ అయితే, అంటే బంతి కర్ర మెడకి తగిలితే, అది కుడిపక్కకి దూసుకుపోతుంది, అక్కడ పక్కింటి కిటికీ ఉంటే ఆ రోజు ఆట అంతటితో సరి. మన ఎండలకి నైలాన్ దారం పెళుసెక్కుతుంది, ఆడాక విప్పి లోపల పెట్టండి.

ఇక మ్యాట్. మరీ పలచన, కింద సిమెంటు. ఐరన్ (పలక లాంటి లోహపు తల ఉన్న కర్ర) తగిలిన ప్రతిసారీ అదురు మణికట్టుకీ మోచేతికీ ఎక్కుతుంది, కింద 20 మిల్లీమీటర్ల రబ్బరు షీటు వేయక తప్పదు. అసలు చిక్కు వేరే ఉంది. క్లబ్ (గోల్ఫ్ కర్ర) బంతికి అంగుళం వెనక తాకినా మ్యాట్ మీద జారి బంతిని చక్కగా లేపేస్తుంది. చప్పుడు కూడా బాగుంటుంది! అదే దెబ్బ పచ్చిక మీదైతే క్లబ్ మట్టిలో దిగబడి, చిప్ చేసిన (దగ్గరి దూరానికి తేలిగ్గా లేపిన) బంతి కాళ్ల ముందే ఆగిపోతుంది. నెట్‌లోనే సాధన చేసేవాళ్లు టీ షాట్లు (టీ అనే చిన్న మేకు మీద బంతి పెట్టి కొట్టే మొదటి దెబ్బలు) బాగా కొట్టి, గ్రీన్ (గుంత ఉండే నున్నటి పచ్చిక) పక్కకొచ్చాక స్ట్రోకులు పారేసుకోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

బంతికి 10 సెంటీమీటర్ల వెనక తువ్వాలు మడిచి పెట్టి కొట్టండి. తువ్వాలు కదిలిందా, ఆ షాట్ చెడినట్టే. స్లైస్ (బంతి గాల్లో పక్కకి వంగిపోవడం) కూడా నెట్‌లో కనబడదు. బంతి వెనక వైపు మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెడితే క్లబ్ ముఖం మీద అచ్చు పడుతుంది. డ్రైవర్‌లో ఆ అచ్చు మడమవైపు (కర్ర పిడికి దగ్గరి అంచు) పడుతుంటే, కుడిచేతివాళ్ల బంతి కుడికి వంగే అవకాశం ఎక్కువ.

సెట్‌లో రబ్బరు టీ ఒక్క ఎత్తుదే ఇస్తారు. డ్రైవర్ పై అంచు మీదుగా సగం బంతి కనబడకపోతే మార్చండి. బంకర్ (ఇసుక గుంట) షాట్లకి ఈ సెట్ పనికిరాదు.

నెట్‌కి 5కి 4, మ్యాట్‌కి 1. విడిగా అమ్మితే నెట్ ఒక్కటే తీసుకుని, మిగిలిన డబ్బు మందపాటి మ్యాట్ మీద పెట్టండి.