"ఇంజన్ కొత్తగా పని చేయించాం" అంటే వేడి మీద ఆయిల్, ఫ్యూయల్ ప్రెషర్ చూడకుండా డబ్బు ఇవ్వకండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. అమ్మినవాళ్ల పేరు రాయను, వాళ్లతో పంచాయితీ ఇంకా నడుస్తోంది.

పన్నెండేళ్ల నాటి పెట్రోల్ కారు. ఇంజన్ మొత్తం విప్పి పని చేయించామని, తర్వాత రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదని చెప్పారు. రింగులు, బేరింగులు కొన్న బిల్లులు చూపించారు. డిప్‌స్టిక్ తీసి "చూడండి, ఆయిల్ ఫుల్లుగా ఉంది" అన్నారు. నిజమే, గీత పైదాకా ఉంది. పొద్దున ఏడింటికే రమ్మన్నారు. తాళం తిప్పగానే స్టార్టయింది. పొగ లేదు, చప్పుడు లేదు. కంటోన్మెంట్ దాకా ఓ రౌండు కొట్టి బేరం కుదుర్చేసుకున్నాను. అంత పొద్దున్నే ఎందుకు రమ్మన్నారో అప్పుడు బుర్రకు తట్టలేదు.

మొదటి ఆదివారం ఇంటిల్లిపాదీ అరసవల్లి వెళ్లాం. వెళ్లేటప్పుడు బాగానే ఉంది. తిరుగు ప్రయాణంలో, మిట్టమధ్యాహ్నం ఎండలో, రణస్థలం దగ్గర టీకి ఆగాం. పిల్లలకు ఏసీ ఉండాలని ఇంజన్ ఆపలేదు. బానెట్ కింద టకటకమని మొదలైంది. ఎక్సలేటర్ తొక్కితే తగ్గుతోంది, వదిలితే మళ్లీ వస్తోంది. నాతవలస చేరేసరికి అది సుత్తితో కొడుతున్నట్టుంది. పక్కకు తీసి ఆపేశాను.

వచ్చిన మెకానిక్ పెద్దాయన స్టార్ట్ కూడా చెయ్యలేదు. తాళం సగం తిప్పి డ్యాష్‌బోర్డు చూసి "ఆయిల్ లైటు ఎలగట్లేదేటి బాబూ?" అన్నాడు. స్టార్ట్ చేయకముందు ఆ ఎర్ర లైటు వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. నా కారులో అసలు వెలగనే లేదు. ఆ లైటును వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్ వైరు పీకి, నల్ల టేపు చుట్టి, మిగతా వైర్ల గుత్తిలో దాచేశారు. టేపు ఇంకా కొత్తగా మెరుస్తోంది.

షెడ్డులో ఆ స్విచ్ విప్పి దాని స్థానంలో ప్రెషర్ కొలిచే గేజ్ బిగించాడు. ఇంజన్ ఎలాగూ విప్పక తప్పదని కాసేపు నడిపించాడు. చల్లగా ఉన్నప్పుడు 50 పీఎస్ఐ (ప్రెషర్ కొలత). చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి అరిగిన ఇంజన్ కూడా ఆ మాత్రం చూపిస్తుంది. ఇంజన్ వేడెక్కి రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలయ్యాక, ఎక్సలేటర్ తొక్కకుండా ఐడ్లింగ్‌లో 6, రెండు వేల ఆర్‌పీఎమ్ దగ్గర 12. వేడి మీద వెయ్యి ఆర్‌పీఎమ్‌కు సుమారు 10 పీఎస్ఐ ఉండాలన్నది పాత మెకానిక్కుల లెక్క. మీ కారుకు మాన్యువల్‌లో ఉన్న అంకె అయితే ఇంకా మంచిది. ఇంకోటి, చాలా కార్లలో ఆ లైటు 4-6 పీఎస్ఐకి పడిపోతే గానీ వెలగదు. అంటే వైరు పీకకపోయినా అది నన్ను కాపాడేది కాదేమో.

ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ విప్పితే, ఆయిల్ వడగట్టే స్ట్రైనర్ జాలీలో బఠాణీ గింజలంత సిలికాన్ ముక్కలు. ఆయిల్ కారకుండా ప్యాకింగ్‌కు పూసే సిలికాన్ పేస్టు ఇష్టమొచ్చినట్టు పూస్తే, లోపలికి ఉబికింది ఊడి ఆయిల్ పంపుకు అడ్డం పడిందన్నమాట. బేరింగుల మీద పైపూత పోయి రాగి రంగు బయటపడింది.

ఇక ఆ "ఫుల్లు ఆయిల్" సంగతి. వాసన చూస్తే పెట్రోల్! ఫ్యూయల్ లైనుకు గేజ్ పెట్టాడు. ఇంజన్ నడుస్తుంటే 3 బార్ దరిదాపుల్లో బాగానే ఉంది. ఆపిన రెండు నిమిషాలకే సున్నాకు జారిపోయింది. ఫ్యూయల్ పంపు వాల్వ్ పోయినా ఇలాగే అవుతుందని, తేల్చుకోవడానికి ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు తీసి చూశాడు, ఒకటి కారుతోంది. ఆ పెట్రోల్ కొత్త రింగుల పక్కనుంచి దిగి ఆయిల్‌ను పలచన చేస్తోంది. లెవెల్ పెరగడానికి కారణం అదే. (ఈ ఫ్యూయల్ లైను పని మీరు మాత్రం చెయ్యకండి. పంపు ఫ్యూజ్ తీసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపాకే ఆ లైను విప్పాలి.)

కాబట్టి కారు చూడటానికి మీ మెకానిక్‌ను వెంటబెట్టుకెళ్లండి. ఆయిల్ లైటు చూడండి, డిప్‌స్టిక్ వాసన చూడండి, ఇరవై కిలోమీటర్లు తిప్పి వేడి మీద రెండు గేజ్‌లూ పెట్టించండి. ఆ కూలీ మీరే ఇస్తానన్నా అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే తాళం చేతిలో పెట్టి వచ్చేయండి.

బేరింగులతో పాటు దెబ్బతిన్న నా ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ ఇప్పుడు గ్రైండింగ్‌లో ఉంది, ఖర్చు 38 వేలు దాటింది. అమ్మినాయన నాలుగోసారికి ఫోన్ ఎత్తి "వేడెక్కితే ఏ ఇంజనైనా అంతే కదండీ" అన్నాడు.