పాతబట్టల తివాచీకి ఏది మేలు: దుప్పటా, జీన్సా, టీషర్టా?

మగ్గం మీద పాతబట్టలతో తివాచీ నేయాలనుకునేవాళ్లు ముందు రంగులు ఏరుకుంటారు. రంగుల సంగతి తర్వాత, ముందు బట్ట స్వభావం చూడాలి.

నూలు దుప్పటితో పని సులువు. ఒకసారి గాటు పెట్టి లాగితే పోగు వెంట తిన్నగా చిరుగుతుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల పీలికను పేకగా (అడ్డపోగుగా) వేసి గట్టిగా కొడితే ముడుచుకుని పక్క వరసకు అతుక్కుంటుంది. అంచుల్లో ఊడే పోగులు మొదట్లో కొంత చిరాకు పెడతాయి, నాలుగు ఉతుకులకు తగ్గిపోతాయి. అసలు చిక్కు ఏమిటంటే, పాత దుప్పటి నడిమి భాగం ఒళ్లు రాసుకుని అరిగిపోయి ఉంటుంది. రెండు చేతులతో లాగి చూడండి. పుటుక్కుమంటే ఆ ముక్క పక్కన పడేయండి.

జీన్స్ గట్టిదే, సందేహం లేదు. కానీ ఆ గట్టిదనమే నేతలో అడ్డం. పీలిక రెండు సెంటీమీటర్లు మించితే వరసలు కలవవు. తేలికపాటి మగ్గం మీద ఎంత కొట్టినా సందులు మిగులుతాయి, వాటిలోంచి పడుగు (మగ్గానికి నిలువుగా బిగించిన దారాలు) బయటపడుతుంది. అడుగుల రాపిడి నేరుగా పడుగు మీదే పడుతుంది. బట్ట ఎంత మొండిదైనా పడుగు తెగిన చోట తివాచీ విడిపోతుంది. నీలం రంగు పక్క బట్టకు అంటకుండా ముందే విడిగా ఉతకడం మరో పని.

టీషర్టు కాళ్లకు హాయి, పోగులూ రాలవు. పక్క కుట్లు లేనిదైతే చుట్టూ మెలికగా కత్తిరిస్తే అతుకు లేని పొడవాటి పీలిక వస్తుంది (ఈ పని భలే సరదాగా ఉంటుంది). అయితే సాగదీసి వేశారో, అది మళ్లీ కుదించుకుని అంచుల్ని లోపలికి లాగేస్తుంది. వదులుగా, విల్లులా వంచి వేయాలి.

ఇక పడుగు. బాగా పురి పెట్టిన నూలు దారం చాలామందికి సరిపోతుంది. అవిసె నార దారం ఇంకా బలమైనదే, కానీ దాదాపు సాగదు. బిగింపులో చిన్న తేడా ఉన్నా కొన్ని పోగులు వేలాడతాయి. బరువైన మగ్గం, చేయి తిరిగిన నేతగాడు ఉంటేనే దాని జోలికి వెళ్లాలి.

నా ఓటు దుప్పటికే. గుమ్మం దగ్గర వేసేదైతే, బరువైన మగ్గం దొరికితే, జీన్స్. ఏది వాడినా పీలికలను ముడివేయొద్దు. కొసలు సన్నగా కోసి, ఒకదాని మీద ఒకటి వేసి నేయండి. ముడి ఉన్న చోట గడ్డలా లేచి, అక్కడే ముందు అరుగుతుంది.