బీనో ఆల్బమ్: కొంటే మోనోలోనే కొనండి

1966 జులైలో డెక్కా కంపెనీ లండన్‌లో విడుదల చేసిన ‘బ్లూస్ బ్రేకర్స్ విత్ ఎరిక్ క్లాప్టన్’ బ్రిటన్ బ్లూస్ గాయకుడు జాన్ మేయాల్ బృందానిది. అట్ట మీద ఆ బృందపు గిటారిస్టు క్లాప్టన్ ‘బీనో’ అనే పిల్లల కామిక్ చదువుతూ కూర్చున్నాడు. అందుకే గిటారిస్టుల నోట ఇది ‘బీనో ఆల్బమ్’. మొత్తం 12 పాటలు, 40 నిమిషాలు కూడా ఉండదు. అన్నీ గొప్పవేమీ కావు. మేయాల్ గొంతు పల్చన. ‘వాట్‌డ్ ఐ సే’లో డ్రమ్ సోలో వచ్చినప్పుడు నిస్సంకోచంగా ముందుకు జరపొచ్చు.

దీన్ని నిలబెట్టింది గిటార్ మోతే. క్లాప్టన్ తన గిబ్సన్ లెస్‌పాల్ గిటార్‌ను రెండు 12 అంగుళాల స్పీకర్లున్న మార్షల్ కాంబోకు (ఆంప్లిఫయర్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉన్నది) తగిలించి, వాల్యూమ్ బాగా పెంచి వాయించాడు. తగ్గించమంటే వినలేదు. నిర్మాత మైక్ వెర్నన్, ఇంజనీర్ గస్ డడ్జన్ ఆ హోరునే రికార్డు చేశారు. ఆంప్‌లోని వాల్వులు (గాజు ట్యూబులు), స్పీకర్లు హద్దు దాటేసరికి స్వరం చిక్కబడి, పిక్ (తీగ మీటే ముక్క) తగిలాక కూడా చాలాసేపు సాగుతుంది. ‘హావ్ యూ హర్డ్’ సోలో వింటే ఇదంతా తెలిసిపోతుంది. ఓటిస్ రష్ పాట ‘ఆల్ యువర్ లవ్’ మైనర్‌లో నెమ్మదిగా నడిచి, మధ్యలో షఫుల్ అనే హుషారైన ఊగే లయలోకి దూకుతుంది. అక్కడా గిటారే నాయకుడు.

ఈ సౌండు కోసం చాలామంది ఎఫెక్ట్ పెడల్‌లో గెయిన్‌ను (స్వరాన్ని చీల్చే నాబ్‌ను) చివరిదాకా తిప్పేస్తారు. అప్పుడు వచ్చేది కందిరీగల రొద. గెయిన్ సగానికి లోపే ఉంచి, మిడ్ (మధ్యస్థాయి స్వరాలు) కాస్త పెంచి, తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గరి పికప్ వాడండి. రిథమ్‌కు గిటార్ వాల్యూమ్ 6 దగ్గర, సోలోకి 10. మాస్టర్ వాల్యూమ్ తగ్గించి ప్రీఆంప్‌ను (ఆంప్ మొదటి దశను) మాత్రమే పెంచితే పవర్ వాల్వులకు పని తగలదు, సౌండు పల్చబడుతుంది. ఇంట్లో పెద్ద ఆంప్‌తో కుస్తీ కంటే 5 వాట్ల వాల్వ్ ఆంప్ నయం. ఇక చేతి సంగతి: బెండ్ (తీగ లాగి పెంచిన స్వరం) స్వరస్థానం చేరాకే వైబ్రాటో (స్వరాన్ని ఊపడం) మొదలవ్వాలి. ముందే ఊపితే శ్రుతి తప్పినట్టే, ఏ ఆంప్ కూడా కాపాడదు.

ఆల్బమ్ బ్రిటన్ చార్టులో 6వ స్థానం దాకా వెళ్లింది. అప్పటికే క్లాప్టన్ ‘క్రీమ్’ అనే కొత్త బృందం వైపు వెళ్లిపోయాడు; ఆ స్థానంలోకి పీటర్ గ్రీన్, తర్వాత మిక్ టేలర్ వచ్చారు. 1960ల మొదట్లో ఆగిపోయిన పాత ఆకారపు లెస్‌పాల్‌ను గిబ్సన్ 1968లో మళ్లీ తెచ్చింది. ఆ గిరాకీలో ఈ రికార్డు వాటా చిన్నదేం కాదు. మార్షల్ కాంబోకైతే ‘బ్లూస్‌బ్రేకర్’ అన్న పేరే స్థిరపడింది, ఆ పేరుతో పెడల్ కూడా వచ్చింది.

మొదట వచ్చింది వాద్యాలన్నీ ఒకే ఛానల్‌లో కలిసే మోనో మిక్సే. స్టీరియోలో వాద్యాలు అటూ ఇటూ చీలిపోయి గిటార్ బరువు తగ్గుతుంది. సీడీల్లో రెండూ కలిపి ఇచ్చిన ముద్రణ ఉంది, దొరికితే అదే తీసుకోండి.